పుంగనూరు గిటారు జీర

1943 జూన్‌లో నన్ను పలమనేరు నుంచి మదనపల్లెకు మార్చారు. మిషన్ వారి చేతిపనుల బడిలో వడ్రంగం విభాగానికి సెకండ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. పైన సూపరింటెండెంటు దొరగారు, ఆయన కింద ఫస్ట్ ఇన్‌స్ట్రక్టర్ మునెప్ప, ఆయన కింద నేను. బెంచీలు, ఆసుపత్రి మంచాలు, కిటికీ తలుపులు చేయడం విభాగం పని. ఇవి కాక నా ఒక్కడికే ఇంకో బల్ల అప్పగించారు. చుట్టుపక్కల చర్చీల్లో హార్మోనియంలు, మడత ఆర్గన్లు చెడిపోతే ఆ బల్ల మీదికి వచ్చేవి. ఇందుకు నా పాండిత్యమేమీ కారణం కాదు. పలమనేరులో ఒకసారి ఎలుక కొరికిన హార్మోనియం తిత్తికి తోలు అతికించాను. ఆ సంగతి దొరగారి చెవిన పడింది.

ప్రతి పనికీ ఒక టికెట్ రాయాలి. అందులో మూడు గళ్ళు ఉండేవి. మొదటి గడిలో సొంతదారు చెప్పిన లోపం, వాళ్ళ మాటల్లోనే. రెండో గడిలో మేము కనిపెట్టిన లోపం. మూడో గడిలో చేసిన పని. రెండో గడి నింపకుండా మూడో గడిలో ఒక్క అక్షరం రాసినా దొరగారు ఊరుకునేవారు కాదు. కారణం తెలియకుండా వస్తువు మీద చెయ్యి వేయకూడదన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల మాకు అప్పట్లో చాదస్తంలా తోచేది. నేనూ నవ్వుకున్నవాణ్ణే.

1944 ఫిబ్రవరిలో బోర్డింగ్ స్కూలు టీచరు ఆశీర్వాదం గోనెపట్టాలో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే గిటారు. ఆరు ఉక్కు తీగలది. ఆ ప్రాంతం మొత్తానికి అదొక్కటే ఉండేదనుకుంటాను. దాని సొంతదారు ఆశీర్వాదం చెల్లెలు గ్రేసమ్మ. పుంగనూరు మిషన్ డిస్పెన్సరీలో నర్సు. మునుపు అక్కడ పనిచేసిన డాక్టరమ్మ, ఒక దొరసాని, స్వదేశానికి పోతూ పోతూ గిటారును, నాలుగు సెట్ల తీగలను ఆమెకు ఇచ్చి పోయింది. ఆదివారం మధ్యాహ్నాలు గ్రేసమ్మ డిస్పెన్సరీ వరండాలో కూర్చుని వాయిస్తూ పాడితే రోగులు, వాళ్ళ వెంట వచ్చిన పల్లెజనం వినేవాళ్ళు.

టికెట్ మొదటి గడిలో ఆశీర్వాదం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ‘నేను వాయిస్తే జీరబోతాండాది. క్రిస్మస్‌కు ముందునించి. ఈ క్రిస్మస్ కాదు, దాని ముందుది.’ చెల్లెలు అలాగే చెప్పమందట. తీగ మోగేటప్పుడు అది ఇంకదేన్నయినా తాకితే జర్రుమంటూ ఒక మోత కలుస్తుంది. గొంతు జీరబోయినట్టు ఉంటుంది కాబట్టి మేము దాన్ని జీర అనేవాళ్ళం.

గ్రేసమ్మ సంగతి మదనపల్లె సంఘంలో అందరికీ తెలిసిందే. భర్త ప్రకాశం పట్టాళంలో కాంపౌండరుగా చేరి మలయాకు పోయాడు. సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయాక ఉత్తరాలు ఆగిపోయాయి. 1942 డిసెంబరులో సర్కారు కాగితం ఒకటి వచ్చింది. ఆచూకీ తెలియలేదని అందులో ఉంది. పోయాడనీ లేదు, ఉన్నాడనీ లేదు.

నేను ఆమెను అప్పటికి ఒక్కసారే చూశాను. మదనపల్లెలో కోత పండుగ ఆరాధనకు వచ్చి ఒంటరిగా ఒక కీర్తన పాడింది. రీడు ఇరుక్కుంటే సరిచేయడానికి నేను ఆర్గన్ పక్కన నిలబడి ఉన్నాను. ఆ రోజు ఆర్గన్ ఎలా పలికిందో నాకు బొత్తిగా గుర్తు లేదు. నాకప్పుడు ముప్పైనాలుగేళ్ళు. నా భార్య విషజ్వరంతో పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. సాయంత్రం వర్క్‌షాపు తాళం వేసి గదికి పోతే, పలకరించడానికి నా పొయ్యి తప్ప ఏమీ ఉండేది కాదు.

జీర ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవడానికి ఒక వరుస ఉంది. తీగను నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే జీర వస్తే లోపం పైన, తీగలు వచ్చి వాలే ఎముక పట్టీలో ఉన్నట్టు. అందులోని గాడి లోతుగా అరిగిపోయి ఉంటుంది. మెడ మీది అడ్డ కడ్డీల్లో, అంటే మెట్లలో, ఒకటి రెంటి దగ్గర మాత్రమే వస్తే, ఆ పక్క మెట్టు మిగతావాటికంటే లేచి ఉన్నట్టు. అన్ని చోట్లా వస్తే మెడ వంగిందేమో చూడాలి. ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి మెట్ల మీద ఆనిస్తే, నడుమ పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. సందే లేకపోతే మెడ వెనక్కి పోయిందన్న మాట.

బల్ల మీద ఆరు తీగలూ వరుసగా మీటి చూశాను. ఆరో తీగ గాడి కొద్దిగా అరిగి ఉంది. ఎముక పొడి, జిగురు కలిపి పూడ్చి, ఆరాక మళ్ళీ సన్నగా కోశాను. మూడో మెట్టు వెంట్రుకవాసి లేచి ఉంటే ఆకురాయితో దించాను. వాయిస్తే గిటారు తేటగా పలికింది. రెండో గడి నింపాను, మూడో గడి నింపాను, ఆశీర్వాదంతో పుంగనూరుకు పంపాను.

మూడు వారాలకు తిరిగొచ్చింది. ఈసారి గోనెపట్టాలో ఒక చీటీ కూడా ఉంది. గుండ్రని, నిలువైన రాత. ‘మేస్త్రీ గారికి వందనములు. జీర అట్లే ఉన్నది. ఏ తీగ మీద వాయించినా ఆ ఒక్క స్వరము దగ్గరే వచ్చుచున్నది.’

ఈ చీటీ నాకు పనికొచ్చింది. ఒకే స్వరం దగ్గర, అదీ ఏ తీగ మీదైనా వస్తే, లోపం తీగల్లో ఉండదు. ఆ స్వరానికి అదిరే వదులు వస్తువేదో గిటారు ఒంట్లో ఉంటుంది. కిటికీ అద్దం ఏదో ఒక రకం బండి పోతేనే గలగలమన్నట్టు ఇదీ అంతే. రంధ్రంలోంచి చిన్న అద్దం దించి, టార్చి వేసి లోపలి బద్దలన్నీ చూశాను. వేలి కణుపుతో వీపంతా తట్టి విన్నాను. ఒక బద్ద కొస ఊడీ ఊడనట్టు ఉంది. సన్నని కత్తితో జిగురు దూర్చి, మరలతో బిగించి రెండు రోజులు ఉంచాను. ఎండలకు పై చెక్క ఎండి కొంచెం కుంగింది కూడా. తీగల కింది కొసలు ఆనే బ్రిడ్జి కింద పలచని నూకచెక్క పట్టీ ఒకటి వేసి తీగలను లేపాను. నా చేతిలో గిటారు గంటలా మోగింది.

మార్చి ఆఖర్లో మళ్ళీ వచ్చింది. మునెప్ప బల్ల దగ్గరికొచ్చి, “ఏమప్పా దేవదానం, పుంగనూరు బస్సు ఈ గిటారు కోసరమే తిరగతాండాదా?” అన్నాడు. నేను గోనెపట్టా విప్పడంలో పడ్డాను. నిజం చెబుతున్నాను, గిటారు తిరిగొచ్చిన ప్రతిసారీ నాకు సంతోషమే. పని చెడిందని సిగ్గుపడాల్సింది పోయి ముందు చీటీ కోసం వెతుక్కునేవాణ్ణి.

ఈసారి చీటీలో వందనాలు లేవు. ‘మీ చేతిలో రాలేదని మా అన్న చెప్పినాడు. నా చేతిలో వచ్చుచున్నది. నా చెవులు బాగానే ఉన్నవి.’

ఆ సాయంత్రమే ఆశీర్వాదం నన్ను చర్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టి అసలు మాట చెప్పాడు. పెద్దలంతా అనుకున్నారట. పాస్టరయ్య కూడా అడ్డు చెప్పలేదట. “కాగితమొచ్చి ఏడాది దాటిపాయ. ఇంకా యాల ఆ తాళి కట్టుకోని తిరగాల? ముందు అది తీసి, నా మొగుడు లేడని నోటితో ఒప్పుకుంటే మిగతా కాగితాలు పాస్టరయ్య రాయించుకుంటాడంట. నీకైతే ఇద్దామని అందరికీ ఉండాది. తీయనంటాది. మా మాట ఇనదు.” లేచి వెళ్తూ, “నీ పనంటే మాత్రం దానికి గురి ఉండాదప్పా,” అన్నాడు.

ఆ వారమంతా చిత్రిక పడుతుంటే చెక్క మీద కూడా ఆమే కనిపించిందని ఈ వయసులో ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మదనపల్లెలో ఇంటికి రెండు గదులు కావాలని, ఒక గదికి తూర్పు కిటికీ ఉండాలని కూడా అనుకున్నాను.

గిటారు మూడోసారి రావడంతో దొరగారి దగ్గర అనుమతి తీసుకున్నాను. వస్తువు బల్ల దగ్గర లోపం చూపకపోతే ఇన్‌స్ట్రక్టరు వస్తువు ఉండే చోటికి పోయి చూడవచ్చని నిబంధన ఉండేది. ఎవరూ దాన్ని వాడుకున్న పాపాన పోలేదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆరాధన కాగానే నేను, ఆశీర్వాదం పుంగనూరు బస్సెక్కాము. యుద్ధం రోజులు, పెట్రోలు లేదు. బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి దాని గ్యాసుతో నడిపేవాళ్ళు. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచాము. నా సంచిలో స్కేలు, ఆకురాళ్ళు, అద్దం, జిగురు డబ్బా, హార్మోనియం మూతలకు వేసే మెత్తని గొర్రె తోలు ఉన్నాయి. గిటారును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

డిస్పెన్సరీ వరండాలో పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. గ్రేసమ్మ తెల్లచీరలో వచ్చి నిలబడింది. నాకు గుర్తున్నదానికంటే పొట్టి మనిషి. “మీరేనా మేస్త్రీ? ఇన్ని దినాలూ గిటారే తిరిగింది, ఇప్పుడు మీరు తిరగతాండారు,” అంది. నవ్వుతూనే అంది, కానీ కళ్ళ కింద నిద్ర లేని నలుపు ఉంది.

ముందు నేను మీటాను. జీర లేదు. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని గిటారును ఒంటికి ఆనించుకుని అవే తీగలు మీటింది. జర్రుమంది. నేను తీసుకుంటే లేదు, ఆమె తీసుకుంటే ఉంది. రోగుల్లో ఒక ముసలాయన, “దానికి మనుషుల ఆనవాలు తెలిసిపోయిండాది,” అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ ఒక్క స్వరాన్నే వాయిస్తూ ఉండమని చెప్పాను. ఆమె వాయిస్తుంటే చెవితో వెతకడం మాని కళ్ళతో వెతికాను. మెడ, మెట్లు, బ్రిడ్జి, తీగల కొసలు. అన్నీ కదలకుండా ఉన్నాయి. అప్పుడు కనిపించింది. పసుపుతాడుకు ఉన్న రెండు తాళిబిళ్ళలు పైట మీద నుంచి వేలాడి, గిటారు వీపు పై అంచు మీద వాలి ఉన్నాయి. సిలువ గుర్తున్న చిన్న బంగారు బిళ్ళలు. ఆ స్వరం మోగినప్పుడల్లా అవి చెక్క మీద సన్నగా వణుకుతున్నాయి.

రెండు నెలలుగా బల్ల మీద వెతికినది అక్కడ ఉంది. మొదటి గడిలో ‘నేను వాయిస్తే’ అని ఆమె చెప్పి పంపిన మాటను నా చేత్తోనే రాసుకుని కూడా పట్టించుకోలేదు.

అనుమానించిన వస్తువును తీసేసి మళ్ళీ పరీక్షించడం మా పనిలో మొట్టమొదటి సూత్రం. అమ్మా, మెడలోది ఒక్కసారి తీసి వాయించండి అని నేను అనవచ్చు. అందులో తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆమెకు నా పని మీద గురి ఉంది. జీర పోవాలన్న పట్టుదలా ఉంది. తీసేదేమో. ఏడాది పైగా ఎవరు చెప్పినా తీయని తాళి, అన్న కళ్ళెదుట, తన చేతులతో తీసేది. ఒకసారి తీసిన చేతికి రెండోసారి అంత బరువు అనిపించదని నాకు తెలుసు. నా భార్య చీరలు పెట్టెలోంచి తీసిన రోజున నాకది తెలిసింది. తూర్పు కిటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆమె వాయిస్తూనే ఉంది.

“అమ్మా, ఆ పైట చెరగు కొంచెం గిటారుకూ మీకూ నడుమ పెట్టుకోండి,” అన్నాను.

పెట్టుకుని మీటింది. జీర లేదు. మళ్ళీ మీటింది. లేదు. ఆమె తల వంచి చూసుకుంది. చెరగు తీసి మీటింది, జర్రుమంది. చెరగు వేసి మీటింది, ఆగింది. చెయ్యి తీగల మీద అలాగే ఉంచి, “ఇదా?” అంది.

“ఔనమ్మా.”

“ముందు లోపలికి ఏసుకుంటాన్నాను. నర్సులకు మెడలో ఏదీ కనపడకూడదని రూలు. ఆ కాగితమొచ్చినాక పతి ఒక్కరూ నా మెడకల్లా సూసేది మొదులు పెట్నారు. సూసుకోనీలే అని డ్యూటీ లేనప్పుడు బయటికి ఏసుకున్యాను.” అంటే కాగితం వచ్చిన డిసెంబరు, జీర మొదలైన డిసెంబరు ఒకటే. ఆమె నా ముఖంలోకి సూటిగా చూసి అడిగింది. “తీయాల్నా మేస్త్రీ?”

ఆశీర్వాదం కూడా నన్నే చూస్తున్నాడు.

“తీయాల్సిన పన్లేదమ్మా,” అన్నాను. “మార్చాల్సింది గిటారును. అది నా పని.”

సంచిలోంచి గొర్రె తోలు తీశాను. గిటారు ఆమె ఒళ్ళో ఉండగానే బిళ్ళలు వాలే చోటికి పెన్సిలుతో గుర్తు పెట్టాను. రెండంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ముక్క కోసి, అంచులు పలచగా చెక్కి, జిగురు పూసి అతికించి, మీద తడిగుడ్డతో అదిమాను. ఆరడానికి గంట పట్టింది. ఆ గంటలో ఆమె ఇద్దరికి కట్టు కట్టింది, ఒక పిల్లకు మందు కలిపి తాగించింది. నేను వరండా గట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. నా జీవితంలో నాకు దక్కిన గంట అదొక్కటేనని అప్పుడే తెలిసింది.

తరువాత ఆమె కీర్తన మొదటి నుంచి చివరి దాకా వాయించి పాడింది. ఎక్కడా జీర లేదు. పాట అయ్యాక గిటారు పక్కన పెట్టి లోపలికి పోయి గ్లాసుతో వచ్చింది. “కాఫీ తాగి పో అన్నా,” అంది.

అప్పటిదాకా మేస్త్రీ అని పిలిచిన మనిషి. ఆ పిలుపుతో చర్చి బెంచీ మీది మాట ముగిసింది. ఆమెకు ఆ మాట సంగతి తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు. కాఫీ వేడిగా ఉంది. తాగాను.

బస్సు దగ్గరికి నడుస్తూ ఆశీర్వాదం, “తీయమని నువ్వొక్క మాట అనింటే తీసిండేది,” అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది. ఆ మాట గిటారు గురించి అయ్యుండేది కాదని చెప్పాను. మరునాడు టికెట్ నింపాను. రెండో గడిలో, తీగలలో, మెట్లలో లోపం లేదు, వీపు అంచుకు బయటి వస్తువు తగులుతున్నది అని రాశాను. మూడో గడిలో, అంచుకు తోలు వేయడమైనది. దొరగారు చదివి, ఆ వస్తువేమిటని అడిగారు. నగ అని చెప్పాను. తీసి వాయించమని ఎందుకు చెప్పలేదని అడిగారు. అది తీయదగ్గ నగ కాదని చెప్పాను. ఆయన సంతకం పెట్టారు.

1948లో ఫస్ట్ ఇన్‌స్ట్రక్టర్ హోదా ఇచ్చి కుప్పంలో చిన్న వర్క్‌షాపు అప్పగించారు. మరుసటి ఏడు వేసవిలో వెంకటగిరికోట మీదుగా వచ్చే బస్సులో, కంబళిలో చుట్టిన గిటారు వచ్చింది. చుట్టు విప్పక ముందే తెలుసు. చీటీలో అదే గుండ్రని రాత, ‘దేవదానమన్నకు. తోలు అరిగిపోయినది. ఇంకొకటి వేసి పంపగలరు. వారి కబురు ఇంకా ఏమీ తెలియలేదు. పాట జరుగుచున్నది.’

గిటారును తిప్పి చూశాను. తోలు మీద పక్కపక్కనే రెండు గుండ్రని చిల్లులు, కింద చెక్క కనిపించేదాకా. ఐదేళ్ళలో గొర్రె తోలు అంతగా అరగాలంటే ఎన్ని ఆదివారాలు ఆ బిళ్ళలు అదే చోట వాలి ఉండాలో లెక్క కట్టబోయి మానుకున్నాను. పాత తోలును వేడినీటి గుడ్డతో నానబెట్టి ఊడదీసి, ఈసారి రెండు పొరలు వేశాను. పాత ముక్కను పారేయలేదు.

నేను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆమే కారణమని చెప్పను, కాదనీ చెప్పను. ఆ తరువాత నా బల్ల మీదికి ఏ వాయిద్యం వచ్చినా, దాని మనిషి ఒళ్ళో ఒకసారి చూడనిదే చెయ్యి వేయలేదు. నా కింద పనిచేసినవాళ్ళకు కూడా అదే చెప్పాను. మోత ఎక్కడిదో కనిపెట్టడం ఒక పని, ఆ మోతను ఆపడానికి దేన్ని కదపాలో తేల్చుకోవడం ఇంకో పని. రెండోది టికెట్‌లో ఏ గడిలోనూ పట్టదు. ఆ గిటారుకు నా సర్వీసులో తోలు మూడుసార్లు మార్చాను.